రంగంలో వెర్డిక్కియో, మావయ్య పేరున్న స్టీలు గ్లాసు

ఇటలీ ద్రాక్షతో పరిచయం చేసుకోవాలనుకునేవాళ్ళు ఇటలీ వెళ్తారు. నేను యాంగోన్ వెళ్ళాను. వైజాగ్‌లో మా బీమా ఆఫీసులో పక్క సీటావిడకి ఈ ముక్క చెబితే, బోడిగుండుకీ మోకాలికీ ముడి పెడుతున్నావేమిటే అంది. ఆవిడ తప్పేం లేదు. నాకు వైన్ గురించి తెలిసింది తక్కువ, ఇష్టం అంతకంటే తక్కువ. నేను వెళ్ళింది మా శంకర్ కోసం. యాంగోన్‌ని మా ఇంట్లో ఇప్పటికీ రంగం అనే అంటాం. మా అమ్మ తాతలు అక్కడి రేవులో బస్తాలు మోయడానికి ఓడెక్కినవాళ్ళు. కొందరు తిరిగొచ్చారు, కొందరు ఉండిపోయారు. ఉండిపోయినవాళ్ళలో ఒకాయన మనవడు శంకర్. వరసకి నా మేనమామ కొడుకు, నాకంటే చిన్నవాడు, వదినా అని పిలిచేవాడు. ఊరి మధ్యలో ఒక ఇటాలియన్ హోటల్లో వచ్చినవాళ్ళకి వైన్ వడ్డించే పని అతనిది. ఫోన్లో గొంతు రికార్డు చేసి పంపేవాడు. రేవు కూలీల మనవడు ఇటలీ కొండల గురించి మన శ్రీకాకుళం యాసలో చెబుతుంటే వినడానికి భలే ఉండేది.

అతను ఎక్కువగా చెప్పింది ఒక్క ద్రాక్ష గురించే. పేరు వెర్డిక్కియో. "తెల్ల వైన్ వదినా. పుల్లగా, సల్లగా, కత్తిలాగుంటాది. మరి సివర్లో సూడు, మామిడి జీడి కొరికినట్టు సిన్న సేదు. నువ్వోపాలి రా, నీకు పరిచయం సేత్తాను." పెళ్ళిచూపులకి పిలిచినట్టు పిలిచేవాడు. నేనూ వస్తాలే, పిల్ల బాగుంటే తీసుకుపోతాను అని ఏడిపించేదాన్ని. కిందటేడు వానాకాలంలో అతనికి కామెర్లొచ్చాయి. నెల తిరక్కుండా పోయాడు. నా వీసా వచ్చేసరికి దినాలు కూడా అయిపోయాయి. ఈ ఏడు సంవత్సరీకానికి మాత్రం ముందే బయల్దేరాను. చూడ్డానికి అతను లేడు, కనీసం ఆ ద్రాక్షనైనా చూసి వద్దామనుకున్నాను.

వైజాగ్ నుంచి నేరుగా విమానం లేదు కాబట్టి కోల్‌కతా మీదుగా వెళ్ళాను. వీసా ఆన్‌లైన్‌లోనే వస్తుంది, కానీ వెళ్ళేముందు మన ప్రభుత్వం ఏం హెచ్చరికలు పెట్టిందో చదువుకోండి, నవ్వులాటకి తీసుకోకండి. డాలర్లు తీసుకెళ్తే మడత పడని కొత్త నోట్లే తీసుకెళ్ళాలి. చిన్న గీత ఉన్నా వెనక్కి ఇచ్చేస్తారు. నేను పర్సులో మడిచి పెట్టుకున్న నోట్లని మారకం కౌంటర్లో అమ్మాయి కుళ్ళిన వంకాయల్ని చూసినట్టు చూసింది. మన గడియారం కంటే వాళ్ళది గంట ముందుంటుంది. మధ్యాహ్నం దిగేసరికి వాన పడుతోంది, తర్వాత నేనున్న రోజులన్నీ పడుతూనే ఉంది. టాక్సీ డ్రైవరుకి కాస్త ఇంగ్లీషు వచ్చు. చూడ్డానికొచ్చారా అని అడిగాడు. కాదు, బంధువుల ఇంట్లో చనిపోయినవాళ్ళ కార్యం ఉంది అన్నాను. "ఈ మధ్య నా బండి ఎక్కేవాళ్ళు ఎక్కువ అలాంటి పనికే వస్తున్నారు," అన్నాడు. నేను వెళ్ళాల్సింది శంకర్‌వాళ్ళు ఉండే పేట, మంగళ తౌంగ్‌న్యున్. ముప్పావుగంట ప్రయాణం, ఎక్కేముందే రేటు మాట్లాడుకోవాలి.

మా అత్త, అంటే శంకర్ తల్లి, ఉండే వాటా రైల్వేస్టేషన్‌కి దగ్గరలో ఒక సన్నటి భవనంలో నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. ఆ వీధిలో ప్రతి వాటాకీ బాల్కనీ నుంచి ఒక తాడు నేల దాకా వేలాడుతుంటుంది. కింది కొసకి పెద్ద క్లిప్పు, పై కొసకి చిన్న గంట. కూరలవాడు వచ్చినా, పేపరు వచ్చినా క్లిప్పుకి తగిలించి తాడు లాగుతారు, పైన గంట మోగితే ఇంట్లోవాళ్ళు చేదుకుంటారు. శంకర్ చెల్లెలు కుమారి కిందకొచ్చి నా సంచీ ఆ తాడుకే తగిలించింది. నా సంచీ వాన తుంపర్లో ఊగుతూ నాకంటే ముందు ఇంటికి చేరింది. కుమారి సెల్‌ఫోన్ల కొట్లో పని చేస్తుంది. తెలుగు, బర్మీస్, ఇంగ్లీషు మూడూ కలిపి అన్నం కలిపినట్టు కలిపేస్తుంది. గుమ్మంలో అత్త నిలబడి ఉంది. "వొచ్చీసినావా సుబద్రా. తడిసిపోనావు. ఏటి తింటావు?" అంది. ఏడవలేదు. పేరు నీలమ్మ, చుట్టుపక్కలవాళ్ళకి డో నీలమ్మ. డో అంటే అక్కడ పెద్దావిడల్ని గౌరవంగా పిలిచే మాట. గోడ మీద మావయ్య ఫోటోకి దండ ఉంది. పక్కన శంకర్ ఫోటోకి దండ లేదు. రేపు వేస్తారు కాబోలు అనుకున్నాను.

మర్నాడే సంవత్సరీకం. ఆ ఇంటి ఆచారం ప్రకారం పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి, సాయంత్రం దీపం పెట్టాక ఫోటో ముందు ఆకులో వడ్డించి, తలుపు చేరవేసి అందరూ బయటికి వెళ్ళిపోతారు. పోయినవాళ్ళు మొహమాటం లేకుండా తినాలని. శంకర్‌కి నదిలో దొరికే పొలస ఇష్టం. దాని కోసం పొద్దున్నే అత్తా నేనూ నది అవతలి గట్టునున్న దలా వెళ్ళాం. పాన్సొడాన్ వీధి చివర జెట్టీలో ఫెర్రీ ఎక్కాలి. విదేశీయులకి వేరే టికెట్, పాస్‌పోర్టు చూపించాలి, ఖర్చు మాత్రం రెండు టీలంత. దాటడానికి పట్టేది కాసేపే. ఉడకబెట్టిన కంజు పిట్ట గుడ్లు, కిళ్ళీలు అమ్మేవాళ్ళు మన ఒళ్ళోంచే నడిచిపోతారు. నీళ్ళు టీ రంగులో ఉన్నాయి, ఆకాశం అంట్లగిన్నె రంగులో ఉంది. ఊసుపోక అత్తని అడిగాను, సాయంత్రం ఆకులో శంకర్‌కి ఆ వైన్ కూడా పెడతారా, ఒక సీసా నేను కొంటాను అని.

అత్త నా వైపు తిరగలేదు. "ఆల బాబుని తినీసింది అది. ఆడినీ తినీసింది. దాన్ని నా సేత్తో ఆకులో ఎట్టమంతావా?" అంది. అప్పుడు చెప్పింది. మావయ్య తాగి తాగి కాలేయం పాడై, పొట్ట ఉబ్బి, కళ్ళు పసుపెక్కి పోయాడు. ఆ పదోరోజున శంకర్ తల్లి నెత్తి మీద చెయ్యి వేసి, జన్మలో మందు మింగనని ఒట్టు వేశాడు. అప్పటికతనికి ఇరవయ్యేళ్ళు కూడా లేవు. తర్వాత హోటల్లో చేరాడు, వైన్ పనిలోకి మారాడు. "పని అన్నాడు. సరే, పని అనుకున్నాను. ఓనాడు పెట్టి తెరిసి సూత్తే ఆల బాబు గిలాసు నేదు. స్టీలు గిలాసు, పేరు కొట్టించినాం, అందులోనే తాగీవోడు ఆల బాబు. ఏదిరా అంటే నాను అట్టుకెల్లినానమ్మా, పనికి అన్నాడు. మందు పోసీ కాడ తాగుబోతోడి గిలాసుతో ఏటి పని?" ఆ తర్వాత ఆమె దాని గురించి మళ్ళీ అడగలేదు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాడని తనకి తనే తీర్పు చెప్పేసుకుంది. కామెర్లు రాగానే అది రుజువైపోయింది.

"ఆస్పత్రిలో అడిగినాను. నా మొకం సూసి సెప్పు, తాగినావా అన్నాను. నేదమ్మా అన్నాడు. ఆల బాబుకీ అలాగే పొట్ట, అలాగే కళ్ళు. నానేటి గుడ్డిదాన్నా? నా నెత్తి మీద ఒట్టేసి తప్పితే పోవాల్సింది నాను కదా. ఆడు పోనాడు. పోతా పోతా అబద్దం ఆడి పోనాడు." గొంతులో తడి లేదు, కోపమే ఉంది. ఆ కోపాన్ని పట్టుకునే ఏడాదంతా నిలబడిందని నాకనిపించింది. ఫోటోకి దండ ఎందుకు లేదో అర్థమైంది. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను. మామిడి జీడి చేదు దాకా రుచి చెప్పగలిగినవాడు తాగకుండా ఎలా చెబుతాడు? తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లనే అంటారు కదా, ఇతను తాగింది పాలు కూడా కాదు. దలా గట్టు మీద తెలిసినామె దగ్గర వెండిలా మెరుస్తున్న పొలస ఒకటి తీసుకున్నాం. అత్త మొప్పలు ఎత్తి ఎర్రదనం చూసి మరీ కొంది. కొడుకు మీద అంత కోపం పెట్టుకుని, వాడి కోసం చేప మొప్పలు చూస్తున్న ఆ మనిషిని ఏమనాలో నాకు తోచలేదు.

మధ్యాహ్నం అత్త పులుసుకి చింతపండు నానబెట్టుకుంటుంటే, అరిటాకులు కొనుక్కొస్తామని చెప్పి కుమారీ నేనూ శంకర్ పనిచేసిన హోటల్‌కి వెళ్ళాం. నదికి రెండు వీధుల ఇవతల పాత భవనంలో పై అంతస్తు. దాని యజమాని తన దేశం వెళ్ళిపోయాడు. వారంలో రెండు మూడు రాత్రులే తెరుస్తున్నారు. మేం వెళ్ళేసరికి కుర్చీలు బల్లల మీద బోర్లించి ఉన్నాయి. కరెంటు లేదు, కింద పేవ్‌మెంట్ మీద ఎవరిదో జనరేటరు కొట్టుకుంటోంది. మమ్మల్ని కూర్చోబెట్టినావిడ డో ఖిన్, హోటల్ చూసుకునే మేనేజరు, శంకర్‌కి ఈ పని నేర్పింది ఆవిడే. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు మెళ్ళో తాడుకి వేలాడుతోంది. మాతో ఇంగ్లీషులో మాట్లాడింది. నేను ఎందుకొచ్చానో చెప్పగానే లేచి వెళ్ళి ఐసు పెట్టెలోంచి ఒక పొడవాటి పచ్చ సీసా తెచ్చింది. "వెర్డిక్కియో. ఇవి అయిపోతే ఇక రావు, సరుకు రావడం ఆగిపోయింది," అంది.

వైన్ కొత్తవాళ్ళకి ఉపయోగపడుతుంది కాబట్టి ఆవిడ చెప్పింది రాస్తాను. ఇటలీ తూర్పు తీరంలో, సముద్రానికి దగ్గర కొండల మీద పండుతుంది ఈ ద్రాక్ష. పేరులోనే వాళ్ళ భాషలో ఆకుపచ్చ ఉంది, గ్లాసులో పోస్తే అంచున నిజంగానే లేత పచ్చ కనిపిస్తుంది. ఎండ ఎంత కాసినా పులుపు వదలని రకం. బాగా చల్లగా తాగాలి, ఐసు ముక్కలు మాత్రం గ్లాసులో వెయ్యకూడదు, సీసానే ఐసులో పెట్టాలి. గ్లాసుని కింది సన్న కాడ దగ్గర పట్టుకోవాలి, లేకపోతే మన అరచెయ్యే దాన్ని కాచేస్తుంది. ఆవిడ రెండు వేళ్ళంత పోసి, తిప్పి వాసన చూడమంది. దబ్బకాయ తొక్క గిల్లినప్పటి వాసన. నోట్లో పోసుకుంటే బుగ్గల్లోంచి నీళ్ళూరాయి. అంతలోనే మింగేశాను. "చేదు తెలిసిందా?" అని అడిగింది. లేదన్నాను. "తొందరపడ్డారు. అది ఆలస్యంగా వస్తుంది. నోట్లో ఆపండి." ఈసారి ఆపాను. పులుపు సర్దుకున్నాక నాలుక వెనక, చిన్నగా, మామిడి టెంక లోపలి జీడి. శంకర్ చెప్పింది చెప్పినట్టు ఉంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

మింగుదామా అనుకుంటుండగా డో ఖిన్ నా ముందుకి ఒక ప్లాస్టిక్ మగ్గు తోసింది. "మింగక్కర్లేదు, ఉమ్మేయండి. మేమంతా అంతే. సీసాలన్నీ రుచి చూసి మింగుతూ కూర్చుంటే సాయంత్రం ఎవరు నిలబడి వడ్డిస్తారు?" నేను ఉమ్మాను. అలవాటు లేక గడ్డం మీద పడింది. నా పక్కన కుమారి మగ్గులోకి తొంగి చూసింది. "అన్నయ్య కూడానా?" అంది. డో ఖిన్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మంచి సీసా అయితే పని అయ్యాక మేం చివర ఒక గుక్క మింగుతాం. నేనూ మింగుతాను. నేను చూసినన్నాళ్ళలో శంకర్ ఒక్కసారి కూడా మింగలేదు. ఏదో మతం కాబోలు అనుకున్నాం, అడగలేదు." ఇదంటే అతనికంత ఇష్టం కదా, ఇది కూడానా అని అడిగాను. "ఇది కూడా. ఇది ఉమ్మేటప్పుడు మాత్రం కాస్త ఆలస్యం చేసేవాడు," అంది. తర్వాత అలమర లోంచి ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. పొడుగు స్టీలు గ్లాసు, అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన తెలుగు అక్షరాలు: అప్పలస్వామి. మా మావయ్య పేరు. "ఇది అతని ఉమ్మి గ్లాసు. ఇన్ని కప్పులుండగా ఇదెందుకంటే, లోతుగా ఉంటుంది, చిందదు అన్నాడు. ఇంట్లోవాళ్ళు ఎవరైనా వస్తే ఇద్దామని దాచాను."

ఆవిడ మిగిలిన సీసాకి మళ్ళీ బిరడా పెట్టి గ్లాసుతో పాటు ఒక సంచీలో వేసి ఇచ్చింది, డబ్బు తీసుకోలేదు. అరిటాకులు కొనుక్కుని టాక్సీ ఎక్కాం. వీధుల్లో నీళ్ళు నిలిచి బండి నడక కంటే నెమ్మదిగా పోతోంది. ఇంటికెళ్ళగానే అత్తకి చెప్పేద్దాం అన్నాను నేను. కుమారి ఒప్పుకోలేదు. "సెప్పొద్దు వదినా. డాక్టరు అప్పుడే అన్నాడు, వైరస్, మందు వల్ల కాదు అని. అమ్మ వినలేదు. ఇప్పుడు తాగినాడనుకుంటే కోపముంటాది, కోపముంటే లెగుత్తాది, వండుతాది, నన్ను తిడతాది. తాగలేదని తెలిస్తే ఇంకేటుంటాది అమ్మకి? ఆస్పత్రిలో నాలుగు రోజులు అన్నయ్యతో మాటాడలేదు, తెలుసా నీకు?" నాకు ఒళ్ళు మండింది. చచ్చినవాడి మీద అబద్ధాలకోరని ముద్ర ఉంచేస్తామా అన్నాను. "ఆడికిప్పుడు ఏటి పోతాది? బతకాల్సింది అమ్మ," అంది కుమారి. ఇద్దరం చెరో కిటికీలోంచి వానని చూస్తూ కూర్చున్నాం. ఏ నిర్ణయానికీ రాకముందే బండి ఆగింది.

తర్వాత జరిగింది ఆ వీధి మనుషులకి మాత్రమే జరగగల పొరపాటు. కుమారి ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో ఆకుల కట్ట పట్టుకుని దిగింది. రోజూ చేసే పనే కాబట్టి చూసుకోకుండానే సంచీ తాడు క్లిప్పుకి తగిలించి, తాడు లాగింది. పైన గంట మోగింది. అత్త బాల్కనీలోంచి వంగి సంచీ చేదుకుంది. మేం మూడో అంతస్తు మెట్ల మీద ఉండగా కుమారి ఆగిపోయి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వదినా, గిలాసు సంచీలో ఉంది," అంది. మిగిలిన మెట్లు ఎలా ఎక్కామో తెలియదు. అత్త వంటగది గుమ్మంలో నేల మీద కూర్చుని ఉంది. ఒక పక్క వైన్ సీసా, చేతిలో మావయ్య గ్లాసు. బొటనవేలితో ఆ అక్షరాల్ని రుద్దుతోంది. "సూసినావా సుబద్రా. నాను సెప్పనేదా? ఇందులోనే తాగినాడు," అంది. గెలిచినదానిలా లేదు ఆ గొంతు. ఓడిపోవాలని ఎక్కడో ఆశపడి, అదీ జరగలేదని తెలిసినదానిలా ఉంది.

నేనే చెప్పాను. అందులో తాగలేదత్తా, ఉమ్మాడు, అది అతని ఉమ్మి గ్లాసు అన్నాను. ఆ పని ఎలా చేస్తారో, డో ఖిన్ ఏమందో వరసగా చెప్పాను. అత్త కళ్ళు చిట్లించింది. "నోట్లో ఎట్టుకుని మింగకండా ఉంతాడా? ఎవులికి సెప్తావు?" అంది. నేను చూశాను, నేనూ ఉమ్మాను అన్నాను. ఆమె సీసా దగ్గరికి లాక్కుంది. తర్వాత బిరడా లాగి, అరచేతిలోకి ఇంత పోసుకుని నోట్లో వేసుకుంది. జన్మలో మందు ముట్టని మనిషి. మొహం ముడుచుకుపోయింది. బుగ్గలు ఉబ్బించి అలాగే కూర్చుంది, గొంతు ఒకసారి మింగబోయినట్టు కదిలి ఆగింది. వంటింట్లో పులుసు ఉడుకుతోంది. ఎంతసేపున్నదో, చివరికి గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని ఉమ్మింది. నోరు తుడుచుకుని మళ్ళీ పోసుకుంది, మళ్ళీ ఆపింది, మళ్ళీ ఉమ్మింది. ఈసారి ఒక్క చుక్క చిందలేదు.

"గొంతు మింగీమంటాది," అంది. "మింగీమంటాది గానీ ఉండొచ్చు. ఉండొచ్చే." గ్లాసులోకి చూస్తూ, "ఇలాగని నాతో సెప్పొచ్చు కదా ఆడు," అంది. "సెప్పినాడు కదమ్మా," అంది కుమారి. అంతే అంది. అత్త తల వంచుకుంది. కుమారి భయపడింది ఈ క్షణానికేనని నాకప్పుడు తెలిసింది. కోపం పోయాక ఆ మనిషి ఒళ్ళు ఉన్నపళంగా చిన్నదైపోయినట్టు కనిపించింది. నేను చెప్పకుండా ఉండాల్సిందా అని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. అత్త లేచి, పొయ్యి మీద పులుసు దించి, ఆ గ్లాసుని చింతపండూ బూడిదా వేసి తళతళలాడేదాకా తోమింది. తోముతూనే ఏడ్చింది. చప్పుడు లేకుండా కాదు, వీధిలోకి వినిపించేలా ఏడ్చింది.

చీకటి పడుతుండగా శంకర్ ఫోటోకి దండ వేశారు. దీపం పెట్టి, ఆకులో అన్నం, పొలస పులుసు, వేపుడు, ఉప్పు వడ్డించారు, పక్కన మరిగిన పాల టీ పెట్టారు. అప్పుడు అత్త సీసా తెమ్మంది. ఇంట్లో ఉన్న ఒక్క మంచి గాజు గ్లాసులో వెర్డిక్కియో పోసి ఆకు కుడివైపు పెట్టింది. కుమారి ఈలోగా ఐసు తెచ్చి సీసా అందులో పెట్టింది కాబట్టి చల్లగానే ఉంది, గ్లాసుకి చెమట పట్టింది. దాని పక్కనే తోమిన స్టీలు గ్లాసు పెట్టింది, ఖాళీగా. "అది దేనికమ్మా, కాలీగా?" అని అడిగింది కుమారి. అత్త గ్లాసుని అతనికి అందేలా ఇంకాస్త దగ్గరికి జరిపింది. "మరి ఉమ్మాల కదేటి," అంది. "ఒట్టుంది ఆడికి."

తలుపు చేరవేసి ముగ్గురం మెట్ల మీద కూర్చున్నాం. కరెంటు లేదు. ఎవరో కింది వాటాలో పిల్లలకి పాఠం చెబుతున్నారు. "ఆస్పత్రిలో మంచినీళ్ళడిగినాడు," అంది అత్త, ఎవరితోనూ కాకుండా. "ఇచ్చినాను. మొకం సూడకండా ఇచ్చినాను." కుమారి తల్లి భుజం మీద తల పెట్టింది. కరెంటొచ్చి భవనంలో నీళ్ళ మోటార్లన్నీ ఒక్కసారి మోగడం మొదలెట్టాక తలుపు తీశాం. ఆకులోది ప్రసాదంగా ముగ్గురం తిన్నాం. వైన్ మాత్రం అత్త ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు, తనే బాల్కనీలోంచి వానలోకి పారబోసింది. స్టీలు గ్లాసు పెట్టెలోకి పోలేదు. ఫోటో ముందే ఉండిపోయింది.

తిరుగు విమానంలో వెర్డిక్కియో గురించి నాకు తెలిసిందేమిటా అని ఆలోచించాను. పుల్లగా ఉంటుంది, శుభ్రంగా ఉంటుంది, చేపకి దాన్ని మించిన తోడు లేదంటారు. దాని అసలు రుచి ఆ చివరి చేదులో ఉంది, ఆగినవాళ్ళకే తెలుస్తుంది. మాలో ఎవరం ఆగలేదు. శంకర్ ఎన్నేళ్ళో ప్రతి సాయంత్రం ఇష్టమైనదాన్ని నోటిదాకా తెచ్చుకుని వదిలేశాడు, ఇంట్లో ఒక్కరం దాన్ని చూడలేదు, అడిగితే చెప్పిన ఒక్క మాట నమ్మలేదు. అతను నాకు పరిచయం చేస్తానన్న ద్రాక్ష పరిచయమైంది. అతన్ని మాత్రం నేను అంతకుముందు ఎరగను. అత్త ఇప్పుడు ఫోన్ చేసినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి, చివర్లో కాసేపు ఊరుకుంటుంది. కోపంగా ఉన్నప్పుడే బాగా మాట్లాడేది.

ఇలాంటి చోటుకి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగిన సలహా ఒకటే. వైన్ రుచి చూడాలంటే మింగి తీరాలని ఎక్కడా లేదు. ఒట్టు ఉన్నా, మందులు వాడుతున్నా, ఇష్టం లేకపోయినా, ఒక ఖాళీ గ్లాసు అడగండి. ఎందుకని ఎవరూ అడగరు, తెచ్చి ఇస్తారు. లోతుగా ఉన్నది అయితే చిందదు. కాకపోతే ఆ గ్లాసు దేనికో ఇంట్లోవాళ్ళకి ముందే చూపించి వెళ్ళండి.